నెలకు వెయ్యి రూపాయలతో ఇంట్లో ఎమర్జెన్సీ సామాను: ఏది ముందు, ఏది తర్వాత?

చిలకలగూడ_కిరాయిదారు

నమస్తే అండీ. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, కిరాయి ఇల్లు. మొత్తం నలుగురం: మేమిద్దరం, ఏడేళ్ల పాప, ఇన్సులిన్ వేసుకునే మా అత్తగారు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మిగతాదంతా బోరు. వానలు ముదిరేలోపు ఇల్లు కాస్త సిద్ధం చేసుకోవాలని ఉంది. నెలకు వెయ్యి, మహా అయితే పన్నెండొందలు పెట్టగలను. ఆన్‌లైన్‌లో "ఎమర్జెన్సీ కిట్" అని నాలుగైదు వేలకు బ్యాగులు అమ్ముతున్నారు. లోపల విజిలు, అల్యూమినియం దుప్పటి, దిక్సూచి ఉన్నాయి. సికింద్రాబాద్‌లో దిక్సూచి పట్టుకుని ఎటు పోవాలో నాకైతే అర్థం కాలేదు. ఇన్వర్టర్ ఈఎంఐలో తీసుకోమని ఒకరన్నారు. తెలిసినవాళ్లు వరుస చెప్పండి: మొదట దేనికి ఖర్చు పెట్టాలి?

సంపుమూత

ఆ బ్యాగు జోలికి పోకండి. మన ఊళ్లో ఇల్లు ఇరుక్కునేది మూడు చోట్ల: గంటల తరబడి కరెంటు లేకపోవడం, నల్లా బందు కావడం, కింద నీళ్లు నిలవడం. మొదటి రెండూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ అపార్ట్‌మెంట్‌లో రెండూ ఒకటే. కరెంటు పోతే ఫ్యాను లేదని అందరూ తిట్టుకుంటారు, అసలు ఆగింది మోటారు. బోరు ఎక్కదు, సంపులో నీళ్లు పైకి రావు. పైట్యాంకులో ఉన్నదే అన్ని ఫ్లాట్లకూ, పైగా కరెంటు పోయిందనగానే ప్రతి ఇంట్లోనూ బకెట్లు పట్టేస్తారు. ఆర్వో మెషీనూ కరెంటుదే. దాని ట్యాంకులో మిగిలేది ఏడెనిమిది లీటర్లు. కాబట్టి మొదటి నెల డబ్బంతా నీళ్లకే.

తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకోండి. నలుగురికి మూడు రోజులకి 48 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు మూడుంటే సరిపోయి ఇంకా మిగులుతుంది. బేగంబజార్‌లోనో మోండా మార్కెట్లోనో ఖాళీ క్యాన్ రెండు వందలు, రెండు వందల యాభై పడుతుంది. అడుగున కుళాయి ఉన్నది తీసుకుంటే చెయ్యి, గ్లాసు లోపల ముంచే పని ఉండదు. నిల్వ నీళ్లు పాడయ్యేది చాలాసార్లు ఆ ముంచడం వల్లే. కొన్నాక ఒక రాత్రి నిండా నింపి పాత న్యూస్‌పేపర్ మీద పెట్టండి. కుళాయి దగ్గర వాషరు సరిగా కూర్చోకపోతే పొద్దున్నకి పేపరు తడుస్తుంది. చవకగా వస్తున్నాయని పాత నీలం డ్రమ్ములు మాత్రం తాగే నీళ్లకి కొనొద్దు. ముందు వాటిలో ఏ కెమికల్ పోశారో అమ్మేవాడికే తెలియదు, ప్లాస్టిక్ పీల్చుకున్నది ఎంత కడిగినా పోదు.

వీధి చివర వాటర్ ప్లాంటు నీళ్లు శుభ్రంగా ఉంటాయని వాటినే నిల్వ చేస్తుంటారు. నేను నల్లా నీళ్లే నింపమంటాను. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు, క్యాన్‌లో ఒక్క మురికి వేలు పడినా క్రిములు పెరగడానికి అడ్డు ఉండదు. నల్లా నీళ్లలో క్లోరిన్ కొంత మిగిలే వస్తుంది. నల్లా వచ్చిన మొదటి అయిదు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతి నీళ్లు పట్టండి. నింపేముందు క్యాన్‌ను సబ్బుతో కడగండి. లీటరు నీళ్లలో ఒక చిన్న చెంచా బ్లీచ్ కలిపి లోపలంతా తగిలేలా అర నిమిషం గిలకొట్టి పారబోయండి, మంచినీళ్లతో తొలవండి. మెడ దాకా నింపి, మూత బిగించి, టేపు మీద తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టండి. నెలకోసారి మార్చండి, పాత నీళ్లు ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

నీళ్ల మీద అనుమానం వస్తే తెర్లేలా కాచి, ఒక నిమిషం అలాగే మరగనివ్వండి. గ్యాస్ పొదుపు చేయాలంటే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ లీటరుకు 2 చుక్కలు వేసి, కలిపి, అరగంట ఆగాలి. చివర్లో సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకోసారి అంతే వేసి పావుగంట చూడండి. మడ్డిగా ఉంటే ముందు పాత నూలుచీరను నాలుగు మడతలు వేసి వడకట్టండి, మట్టి క్లోరిన్‌ను తినేస్తుంది. సువాసన కలిపిన బ్లీచ్, రంగు బ్లీచ్ దీనికి వాడకూడదు. క్లోరిన్ బిళ్లలు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడిగి చూడండి. బిళ్ల ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీదే ఉంటుంది, 20 లీటర్ల బిళ్లను బిందెలో వేసి పాడుచేయొద్దు.

బాత్రూంకి ఇంకో 100 లీటర్లు కావాలి. ఫ్లష్ నొక్కితే ఒకసారికి 6 నుంచి 10 లీటర్లు పోతాయి. సగం బకెట్ ఎత్తి ఒక్క ఊపున పోస్తే నాలుగైదుతో పని అవుతుంది. మెల్లగా పోస్తే పది పోసినా కదలదు. మూత ఉన్న టబ్బు ఒకటి చాలు, లేదా వాన సూచన వచ్చిన రోజు ఇంట్లో ఉన్న బకెట్లూ బిందెలూ అన్నీ నింపేయండి. మూత లేని నీళ్లు మాత్రం వారం దాటనివ్వొద్దు. డెంగీ దోమకి కావలసింది కదలని మంచినీళ్లే, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది.

నియాన్‌టెస్టర్

ఇన్వర్టర్ గురించి నేను చెబుతాను. ఇప్పుడు వద్దు. 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కలిపితే ఇరవై వేల పైనే. అంత పెట్టినా పైన చెప్పిన అసలు సమస్య తీరదు. ఒక హెచ్‌పీ మోటారు 746 వాట్లు, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. కిరాయి ఇంట్లో వైరింగ్ వేయించి, ఖాళీ చేసేటప్పుడు పీకించుకోవడం ఇంకో ఖర్చు.

రెండో నెల వెయ్యితో రెండు ఛార్జింగ్ ఎల్ఈడీ బల్బులు, ఒక టార్చి తీసుకోండి. బల్బు 9 వాట్లది మూడు నాలుగు వందల్లో వస్తుంది, కరెంటు పోయాక మూడు నాలుగు గంటలు వెలుగుతుంది. దీనికో తిరకాసు ఉంది. కరెంటు పోయిందా, మనమే స్విచ్ ఆపేశామా అన్నది ఆ బల్బు వైర్ల చివర అడ్డంకి ఎంతుందో చూసి కనిపెడుతుంది. చేత్తో పట్టుకుంటే వెలిగేదీ అందుకే. స్విచ్ ఆఫ్‌లో ఉంటే కరెంటు పోయినా వెలగదు. మెయిన్ దించేస్తే కూడా హోల్డర్‌లో వెలగకపోవచ్చు. అప్పుడు బల్బు తీసి, పెట్టెలో వచ్చిన చిన్న ప్లాస్టిక్ టోపీ తగిలించాలి. ఆ టోపీని అందరూ పెట్టెతో పాటు పారేస్తారు! దారం కట్టి మెయిన్ బోర్డు పక్కన వేలాడదీయండి. రోజూ వాడే హాల్లో పెట్టొద్దు, వేడికి లోపలి బ్యాటరీ ఏడాది రెండేళ్లలో చస్తుంది. వంటింట్లో ఒకటి, బాత్రూం దారిలో ఒకటి పెట్టి నెలకోసారి స్విచ్ వేసి ఛార్జ్ చేయండి. టార్చి పెన్సిల్ సెల్స్‌దైతే సెల్స్ లోపల వదలొద్దు, కారి స్ప్రింగు తుప్పు పడుతుంది. సెల్స్, టార్చి ఒకే జిప్ కవరులో విడివిడిగా పెట్టండి. కొవ్వొత్తులు పాప ఉన్న ఇంట్లో వద్దు.

పవర్ బ్యాంక్ మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్ అవర్లు. 5 వోల్టులకు మార్చడంలో పోయేది పోగా ఫోన్‌కి చేరేది పన్నెండు వేల చిల్లర. 5000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుంది, మూడోసారికి సగంలో ఆగుతుంది. ఎలక్ట్రికల్ సామాన్లకి కోఠి గుజరాతీ గల్లీ చవకే గానీ, పవర్ బ్యాంక్ మాత్రం బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) నంబరు, బిల్లు లేకుండా కొనొద్దు. వైఫై రూటర్‌కి మినీ యూపీఎస్ కొందామనుకుంటే ఒకటి గమనించండి: మీ రూటర్ బతికే ఉన్నా, మీ బిల్డింగులో కేబుల్ ఆపరేటర్ పెట్టిన స్విచ్‌బాక్స్‌కి బ్యాకప్ లేకపోతే నెట్ రాదు. ముందు ఆయన్ని అడిగి తర్వాత కొనండి.

ఇక ప్రాణం మీదికి వచ్చే సంగతి. మీ మెయిన్ బోర్డులో "టి" అని చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందా? అది ఆర్‌సీసీబీ, దాని మీద 30 ఎంఏ అని ఉండాలి. బటన్ నొక్కితే టక్కున పడాలి, పడకపోతే ఉన్నా లేనట్టే. నెలకోసారి నొక్కి చూడండి. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు స్విచ్, వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషికి షాక్ కొట్టి కరెంటు భూమిలోకి పోతుంటే ఆపేది ఆర్‌సీసీబీ. లేకపోతే ఓనర్‌తో మాట్లాడండి, సామాను రెండు వేల అటూ ఇటూ, ఎలక్ట్రీషియన్‌కి గంట పని. ఇంటి ఎర్తింగ్ ఎలా ఉందో అప్పుడే చూపించండి.

మీది మూడో అంతస్తు కాబట్టి ప్రమాదం ఇంట్లో కంటే కిందే ఎక్కువ. మీటర్లు, స్టార్టర్ బోర్డు, లిఫ్టు గుంత అన్నీ అక్కడే. సెల్లార్లోకి నీళ్లు వస్తున్నాయంటే లిఫ్టును రెండో అంతస్తుకు తెచ్చి పవర్ తీసేయాలి. కాళ్లు ఇంకా పొడిగా ఉన్నప్పుడే మెయిన్ దించాలి. నీళ్లలో నిలబడి బోర్డు ముట్టుకోకూడదు. ఆలస్యమైతే 1912కి ఫోన్ చేసి లైను ఆపించడమే మార్గం. బండి తీసుకుందామని సెల్లార్లోకి దిగేవాళ్లకి ఇంకో మాట: సైలెన్సర్ మునిగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు సిలిండర్లోకి వెళ్తే పిస్టన్ వాటిని గాలిలా నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే నూనె మార్చి, ప్లగ్గు ఆరబెట్టి వదిలేస్తాడు.

పాతబస్తీ_పోరడు

అన్నలు అన్నీ చెప్పిండ్రు గానీ పైసలు మర్చిపోయిండ్రు. కరెంటు, టవరు రెండూ పోయినంక యూపీఐ ఏడికెళ్లి నడుస్తది? ఓ పదిహేను వందల రూపాయలు, యాభై, వంద నోట్ల రూపంలో కవర్ల పెట్టి పక్కకు పెట్టుర్రి. అయిదు వందల నోటు ఇస్తే కిరాణా కొట్టాయన చిల్లర లేదంటడు. ఇది ఖర్చు కాదు, ఉన్న పైసలే జాగ మారుతున్నయి.

నంబర్లు ఫోన్ల కాదు, ఫ్రిజ్ మీద కాయితం మీద రాయుర్రి: 112 అన్నిటికీ, 108 అంబులెన్స్, 101 ఫైర్, 1912 కరెంటు, 155313 జలమండలి, 1906 గ్యాస్ లీకు. కాల్ కలవకపోతే మెసేజ్ కొట్టుర్రి, సిగ్నల్ తక్కువున్నా పోతది.

మూసీ పక్కన, చాదర్‌ఘాట్, మూసారంబాగ్ దిక్కు ఉండేటోళ్లు వాన చూసి కాదు, చెరువుల మట్టం చూసి లేవాలె. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. 1908 వరద వచ్చినంకనే ఆ రెండు కట్టిండ్రు. గేట్లు ఎత్తుతున్నమంటే ఇక్కడ చినుకు లేకున్నా సామాను పైకి ఎక్కించుడే. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే కొత్త గల్లీల నడవకుర్రి, మ్యాన్‌హోల్ మూత ఏడ ఉందో ఏడ లేదో తెల్వది. తప్పదంటే కర్రతో ముందు పొడుచుకుంట పోవాలె.

మందులకొట్టు

అత్తగారి ఇన్సులిన్ సంగతి ముందు చూడండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న వయల్, పెన్ చాలావరకు నాలుగు వారాలు బయట ఉండొచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదు, మన వేసవిలో గది అంతకంటే వేడిగానే ఉంటుంది. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే మూడు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. అంతకు మించితే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ను కవరులో చుట్టి అందులో ఉంచి తడిగుడ్డ కప్పండి. ఇసుక రోజుకు రెండుసార్లు తడపాలి, గాలి తగిలే చోట పెట్టాలి. గాలి ఆడకపోతే నీరు ఆవిరి కాదు, చల్లబడదు. ఐసు మీద నేరుగా పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని చేయదు. పారేయాలి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, సూదులు కూడా పదిహేను రోజులవి ఎక్కువ ఉంచండి. షుగరు పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడో, మూడు నాలుగు చెంచాల పంచదారో మంచం పక్కనే ఉండాలి.

రోజూ మింగే బీపీ, షుగర్ మాత్రలకి ఒకేసారి పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రతి నెలా అయిదు రోజుల మాత్రలు అదనంగా కొంటూ పోతే మూడో నెలకి పదిహేను రోజుల నిల్వ తయారవుతుంది. జన్ ఔషధి కేంద్రంలో అదే మందు బాగా తక్కువకి వస్తుంది. కొత్త స్ట్రిప్పు వెనక్కి, పాతది ముందుకి. స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ ఉన్న ముక్క మీకే ఇవ్వమనండి, లేదంటే ఆరు నెలల తర్వాత చేతిలో ఉన్నది ఏమిటో ఎప్పటిదో తెలియదు.

మూడో నెల మందుల డబ్బాలో ఇవి చాలు: ఓఆర్ఎస్ అయిదారు ప్యాకెట్లు, పారాసిటమాల్ (పెద్దలకి మాత్రలు, పాపకి సిరప్), సెట్రిజిన్, పోవిడోన్ అయోడిన్, గాజు గుడ్డ, టేపు, ఒక క్రేప్ బ్యాండేజ్, డిజిటల్ థర్మామీటర్. పాపకి పారాసిటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య కనీసం ఆరు గంటలు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, 250 మిల్లీగ్రాములు అని రెండు రకాల గాఢతలు ఉంటాయి, సీసా మారితే కొలత మారుతుంది. డోసు డాక్టరుతో ఒకసారి రాయించుకుని మూత మీద అంటించండి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో కలపాలి. గ్లాసులో సగం, రేపటికి సగం అని కలిపితే గాఢత తప్పి విరేచనాలు పెరుగుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లాసుకి సరిపోయే 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు వేరే దొరుకుతాయి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కావు. మన ఊరి పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు సమమైన టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

మురుగునీళ్లలో నడిచొస్తే సబ్బుతో కాళ్లు కడిగి పుండ్లు చూసుకోండి. తర్వాత రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి వస్తే నీళ్లలో నడిచామని డాక్టరుకి చెప్పండి, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) ఆలోచన ఆయనకి అప్పుడే వస్తుంది. యాంటీబయాటిక్ సొంతంగా మింగొద్దు.

చిలకలగూడ_కిరాయిదారు

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఆ దిక్సూచి బ్యాగు సంగతి వదిలేశాను. రెండు అనుమానాలు. తిండికి ఏం పెట్టుకోవాలి? గ్యాస్ బండ ఒక్కటే. ఇంకొకటి, మా సంపు మూత నేలకి సమానంగా ఉంది, పార్కింగ్‌లో వాన నీళ్లు నిలుస్తాయి. దాన్ని నేనేం చేయగలను?

సంపుమూత

తిండికి కొత్తగా ఏమీ కొనొద్దు. అటుకులు రెండు కిలోలు, పుట్నాలు కిలో, పల్లీలు, బెల్లం, మరమరాలు. పొయ్యి లేకుండా తినేవి ఇవే, అటుకులకి అయిదు నిమిషాలు నానబెట్టే నీళ్లు చాలు. అత్తగారికి బెల్లం పక్కన పెట్టి పుట్నాలు, పల్లీలు ఇవ్వండి. వానాకాలంలో అటుకులు మెత్తబడి ముక్కిన వాసన వస్తాయి కాబట్టి స్టీలు డబ్బాలో పెట్టి, నెలకోసారి ఉప్మా చేసుకుని కొత్తవి నింపండి. గ్యాస్ రెండో బండకి ఏజెన్సీలో అడగండి, డిపాజిట్ కట్టాలి. ఈలోపు బండ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే వాల్వులోపలి రబ్బరు వాషర్ పోయినట్టు. ట్యూబు మీద తేదీ అయిదేళ్లు దాటితే మార్చేయండి. లీకైన గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి స్విచ్ ముట్టకుండా కిటికీతో పాటు గుమ్మం తలుపు కూడా తీయాలి.

సంపు విషయం ఓనర్ల అసోసియేషన్ చేయాల్సిన పనే, అడగాల్సింది మాత్రం మీరే. మూత చుట్టూ ఇటుక, సిమెంటుతో తొమ్మిది అంగుళాల గట్టు కట్టి పైన రబ్బరు పట్టీ ఉన్న మూత వేస్తే సగం గొడవ పోతుంది. మేస్త్రీకి ఒక్క పూట పని. అది అయ్యేలోపు ఒక జాగ్రత్త, ఇందులో చాలా బిల్డింగులు దెబ్బతింటాయి: ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్. పైట్యాంకు తగ్గగానే అది తనంతట తాను మోటారు వేస్తుంది. రాత్రి రెండింటికి సంపులోకి డ్రైనేజీ కలిసిందని దానికేం తెలుసు? పొద్దున్నకి ఆ నీళ్లు పైట్యాంకులో, అక్కడి నుంచి అన్ని పైపుల్లో ఉంటాయి. ఒక్క సంపు కడగాల్సింది మొత్తం బిల్డింగు కడగాల్సి వస్తుంది. భారీ వాన సూచన ఉన్న సాయంత్రం పైట్యాంకు నిండా ఎక్కించి, స్టార్టర్ ఆటో నుంచి ఆఫ్‌కి తిప్పమని వాచ్‌మన్‌కి చెప్పండి. పొద్దున సంపు మూత తీసి, టార్చి వేసి, నీటి రంగు, వాసన చూశాకే మళ్లీ ఆటో.

మురుగు కలిసిందని తేలితే అంతా తోడించి, గోడలు రుద్ది కడిగించాక నీళ్లు నింపి, ప్రతి 1000 లీటర్లకి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 170 గ్రాములు. నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయాలి. 24 గంటలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత మామూలుగా నింపాలి. తెరిచి ఉంచిన పాత పౌడర్‌లో బలం ఉండదు, మూత తీయగానే ఘాటు రాకపోతే కొత్తది కొనండి. టాయిలెట్ యాసిడ్‌తో కలవనివ్వొద్దు, విషవాయువు పుడుతుంది. సంపులోకి మనిషిని దించేముందు లోపలి మోటారు ప్లగ్గు పీకేయాలి. మూత గంటసేపు తెరిచి ఉంచాలి. దిగేవాడి నడుముకి తాడు, పైన ఇద్దరు. లోపల మనిషి పడిపోతే వెనకే ఇంకొకరు దూకొద్దు. తాడుతో లాగుతూ 101కి ఫోన్ చేయండి.